'దహాడ్' చూశారా? ఆ ఆడపిల్లలు ఎందుకు వెళ్లారో అడిగారా?

పది రోజులుగా మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో ముక్క తిరుగుతోంది. 'దహాడ్' అనే హిందీ సిరీస్‌లోది. తన బెహన్ కనిపించడం లేదని ఒక గరీబ్ అబ్బాయి పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతాడు. ఎవడూ పట్టించుకోడు. మేజర్ పిల్ల, చెప్పి మరీ వెళ్లిపోయింది, మేమేం చెయ్యాలి అంటారు. అదే సమయంలో ఒక ఠాకూర్ల అమ్మాయి ముస్లిం అబ్బాయితో వెళ్లిపోయిందని ఊళ్లో ఒక పార్టీవాళ్లు హంగామా చేస్తుంటారు. ఆ హంగామాకు పోలీసులు ఎలా పరుగులు పెడుతున్నారో ఈ అబ్బాయి చూస్తాడు. చూసి, మా బెహన్‌ని కూడా ఒక ముస్లిమే తీసుకుపోయాడని ఝూట్ చెప్తాడు. అంతే, ఫైలు కదులుతుంది.

ఆ ముక్క కింద మనవాళ్లు రాసుకుంటున్నది ఒకటే: "చూడండి, లవ్ జిహాద్ అంతా ఝూట్ అని వాళ్లే తీసి చూపించారు." సరే. శుక్ర్ హై, ఎవరో ఒకరు తీశారు. కానీ ఎనిమిది ఎపిసోడ్ల కథలోంచి మనకు పనికొచ్చే రెండు నిమిషాలు కత్తిరించుకుని, మిగతాది వదిలేస్తే ఎలా? మిగతాది కూడా మన గురించే. అసలు అదే ఎక్కువ మన గురించి.

చూడనివాళ్ల కోసం కథ చెప్తాను. రాజస్థాన్‌లోని మండావా. చిన్న ఊరు. ఒక పబ్లిక్ టాయిలెట్‌లో, లోపలి నుంచి గడియ పెట్టి ఉండగా, పెళ్లికూతురి బట్టల్లో ఒక ఆడపిల్ల లాష్ దొరుకుతుంది. ఖుద్‌కుషీ అనుకుంటారు. తీగ లాగితే అలాంటివి ఇంకా ఇంకా బయటపడతాయి. వేరే వేరే ఊళ్లు, వేరే వేరే సంవత్సరాలు. అందరూ కింది కులాల వాళ్లు, లేనివాళ్లు, పెళ్లి వయసు దాటుతోందని ఇంట్లో రోజూ మాటలు పడేవాళ్లు. అందరూ ప్రేమించినవాడితో వెళ్తున్నామని ఇంట్లో తెలిసేలా చేసి వెళ్లినవాళ్లే. చంపేవాడు ఎవరో దాచిపెట్టి చివర్లో చూపించే కథ కాదిది. మొదట్లోనే మనకు తెలిసిపోతుంది. ఆనంద్ స్వర్ణకార్ అని, ఆడపిల్లల కాలేజీలో హిందీ లెక్చరర్. మెత్తగా మాట్లాడతాడు. సెలవు రోజుల్లో వ్యానులో కితాబులు వేసుకుని పల్లెల్లో పిల్లల దగ్గరికి వెళ్తాడు. ఆ వేషం వేసిన విజయ్ వర్మ మన హైదరాబాద్ వాడే. 2017లో 'ఎంసీఏ' సినిమాలో విలన్‌గా చూసే ఉంటారు. కేసు పట్టుకునే సబ్ ఇన్‌స్పెక్టర్ అంజలి భాటీగా సోనాక్షీ సిన్హా. రీమా కాగ్తీ, జోయా అఖ్తర్ తయారుచేశారు. రీమా కాగ్తీ, రుచికా ఒబెరాయ్ డైరెక్ట్ చేశారు. 2023లో ముందు బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో సిరీస్‌ల పోటీలో వేశారు, మే 12న అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది.

ఇదంతా ఎవరో కూర్చుని అల్లిన కథ అనుకోకండి. మన పక్క రాష్ట్రంలో జరిగినదాని నీడ ఇందులో చాలా ఉంది. కర్ణాటకలో దక్షిణ కన్నడ జిల్లా. మోహన్ కుమార్ అని ప్రైమరీ స్కూల్ టీచర్‌గా పనిచేసినవాడు. పత్రికలు 'సైనైడ్ మోహన్' అని పేరుపెట్టాయి. 2009 అక్టోబర్‌లో పట్టుబడేనాటికి వాడి మీద లెక్క తేలింది 20 మంది ఆడవాళ్లు. పద్ధతి ఒకటే. బస్టాండులోనో, పని దగ్గరో పరిచయం చేసుకోవడం. మీ కులంవాడినే అని ఒక దొంగ పేరు చెప్పడం. కట్నం ఒక్క పైసా వద్దనడం. నగలు పెట్టుకుని రమ్మని, దూరపు ఊరికి తీసుకుపోయి, లాడ్జిలో ఉండి, మర్నాడు బస్టాండు దగ్గర గర్భం రాకుండా గోలీ అని సైనైడ్ పెట్టిన గోలీ చేతికివ్వడం. వేసుకుంటే కొంచెం వికారంగా ఉంటుంది, లోపలికెళ్లి వేసుకో అని టాయిలెట్ చూపించడం. వాడు లాడ్జికి తిరిగొచ్చి, ఆమె తీసిపెట్టిన నగలు తీసుకుని వెళ్లిపోవడం. 2013 డిసెంబర్‌లో మంగళూరు కోర్టు మొదటి కేసుల్లో శిక్ష వేసింది. చివరిదైన ఇరవయ్యో కేసు తీర్పు వచ్చేసరికి 2020 జూన్ అయింది.

ఇరవై మంది. సంవత్సరాల తరబడి. ఎలా సాధ్యమైందని అడగాలి కదా.

నేను ఒక తెలుగు పత్రిక జిల్లా డెస్కులో కొన్నేళ్లు పనిచేశాను. ఆ డెస్కుకు రాత్రి తొమ్మిది దాటాక వచ్చే వార్తల్లో రెండు రకాలు నాకు కంఠతా వచ్చు. ఒకటి, "యువతి అదృశ్యం". సింగిల్ కాలమ్, నాలుగు వాక్యాలు. ఇంటి నుంచి వెళ్లిన ఫలానా తిరిగి రాలేదు, తండ్రి ఫిర్యాదు మేరకు కేసు నమోదు, చివర్లో "ప్రేమ వ్యవహారమే కారణమని భావిస్తున్నారు". ఎవరు భావిస్తున్నారో ఉండదు. రెండోది, "గుర్తు తెలియని మహిళ మృతదేహం లభ్యం". దీనికి మూడు వాక్యాలే. సుమారు 30 ఏళ్లు, ఎరుపు రంగు చీర, ప్రభుత్వాసుపత్రి మార్చురీకి తరలింపు. మొదటి వార్త ఒక జిల్లా ఎడిషన్‌లో వస్తుంది. రెండోది ఇంకో జిల్లా ఎడిషన్‌లో వస్తుంది. ఈ జిల్లా పేపరు ఆ జిల్లావాళ్లు చదవరు. పోలీస్ స్టేషన్లూ అంతే. ఈ స్టేషన్‌లో మిస్సింగ్, ఆ స్టేషన్‌లో అనుమానాస్పద మృతి. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చూసేవాడు ఉండాలంటే, ఆ పిల్ల కావాలని గట్టిగా అడిగే మనిషి ఒకరు ఉండాలి. మోహన్ కుమార్‌కు ఈ లెక్క బాగా తెలుసు. అందుకే దూరపు ఊళ్లు ఎంచుకున్నాడు. అందుకే అడిగేవాళ్లు లేని పిల్లల్ని ఎంచుకున్నాడు.

'దహాడ్'లో నా గుండె పట్టుకున్న చోటు ఇదే. అంజలి ఒక్కొక్క ఇంటికి వెళ్లి అడుగుతుంది. మీ అమ్మాయి వెళ్లిపోయిందని ఫిర్యాదు ఎందుకివ్వలేదు? ఆ ఇళ్లలో ముందు కనిపించేది దుఃఖం కాదు, తేలిక. ఎవరితోనో వెళ్లిపోయింది, ఎక్కడో సుఖంగా ఉండే ఉంటుంది, ఇజ్జత్ పోయింది నిజమే, కానీ జహేజ్ ఖర్చూ పోయింది. ఈ చివరిమాట ఎవరూ పూర్తిగా పైకి అనరు. అనకపోయినా తెలిసిపోతుంది. ఒక మా, ఒక బాప్, కూతురు ఎక్కడుందో తెలియకుండా సంవత్సరాలు గడిపేశారు. వాళ్లు జాలిమ్‌లు కారు. అప్పుల్లో ఉన్నవాళ్లు. ఒక అప్పు తనంతట తాను తీరిపోతే ఎందుకు తీరిందని ఎవరు ఆరా తీస్తారు?

ఇక్కడ మన ఇళ్లలోకి రండి.

మేం నిజామాబాద్ వైపు వాళ్లం. మా మొహల్లాలో ఇంటింటికీ బీడీల చాట ఉండేది. తునికాకు కత్తిరింపు, జర్దా, దారం. పొద్దున ఫజర్ అయ్యాక కూర్చుంటే, ఇంటి పని మధ్య మధ్య చేసుకుంటూ, వెయ్యి బీడీలు అయ్యేసరికి దీపాలు పెట్టేవాళ్లు. లెక్క అప్పజెప్పడానికి వెళ్తే కార్ఖానా మనిషి బాగాలేవని కొన్ని కట్టలు పక్కకు తీసేసేవాడు. తీసేసిన వాటికి డబ్బు లేదు. మా దగ్గర పెళ్లిచూపుల్లో పిల్ల ఎంత చదివిందని అడిగే ముందు "బీడీలు చేయడం వస్తదా, పీఎఫ్ ఉందా" అని అడిగే ఇళ్లున్నాయి. హిందువుల్లోనూ అంతే, మనవాళ్లలోనూ అంతే. సంపాదించే చేతులు కావాలి. ఆ చేతులకు తోడు జోడే కీ రకమ్ కూడా కావాలి. ఈ హిసాబ్ నాకు ఇప్పటికీ అర్థం కాదు. పన్నెండేళ్ల వయసు నుంచి బీడీలు చుట్టి ఇల్లు నడిపిన పిల్ల, తన పెళ్లికి తానే జహేజ్ కూడబెట్టుకోవాలి. కూడబెట్టిన దాంతో ముందు చెల్లెలి పెళ్లవుతుంది, ఎందుకంటే చెల్లెలు రంగు తక్కువ కాదు. తర్వాత భాయ్‌ని దుబాయ్ పంపే ఏజెంటుకు పోతుంది. అప్పటికి ఆపాకు ముప్పై రెండు.

ముప్పై రెండేళ్ల ఆపా ఇంట్లో ఎలా ఉంటుందో మీకు తెలుసు. అందరి పెళ్లిళ్లలో మెహందీ తనే పెడుతుంది. అందరి కాన్పులకూ తనే పోతుంది. భాభీ వచ్చాక ఆమె గది పోతుంది, దాలాన్‌లో పరుపు పడుతుంది. ఎవరూ తిట్టరు. మంచి పిల్ల, బేజుబాన్, అల్లా మియాఁ గాయ్ అంటారు. మషాతా వస్తే మాత్రం గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆమె తెచ్చే పయాంలు కూడా మారతాయి. మొదట్లో డిగ్రీ చదివిన అబ్బాయి. తర్వాత ఆటో నడిపే అబ్బాయి. తర్వాత భార్య పోయి ఇద్దరు పిల్లలున్నవాడు. ఆ తర్వాత రెండో బీబీగా. "ఇంకా ఏం కావాలమ్మా ఈ ఉమర్‌లో" అనే మాట ఎక్కడ మొదలవుతుందో గమనించండి. మా వైపు ఇరవై ఆరు దగ్గరే మొదలవుతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆసరా కింద ఒంటరి మహిళలకు పింఛను మొదలుపెట్టింది. పెళ్లికాని ఆడవాళ్లయితే పల్లెల్లో 30 దాటాలి, పట్నాల్లో 35 దాటాలి అని షరతు. మంచి పని, ఆ డబ్బు ఎన్నో ఇళ్లలో మందులకైంది. కానీ ఆ వయసు లెక్క చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తన్హాయి ఎప్పుడు మొదలవుతుందో సర్కారు జీఓలో రాసిపెట్టింది. షాదీ ముబారక్ ఇంకో కొస. 2014 అక్టోబర్ 2న 51 వేలతో మొదలై, 2018కి 1,00,116 రూపాయలైంది. చాలామంది గరీబ్ వాలిదైన్‌కు అది పెద్ద సహారా, కాదనను. అయితే ఆ చెక్కు వస్తుందని తెలిసిన దుల్హావాళ్లు తమ అడుగుడు ఆ లక్ష మేరకు పెంచుకున్న సంగతి కూడా మనకు తెలుసు. 1961 నుంచి వరకట్న నిషేధ చట్టం ఉంది. 'మేమేం అడగలేదు, మీ ఖుషీ' అనే ఒక్క మాటతో ఆ చట్టాన్ని దాటేయడం మన ఖాందానీ ఇళ్లకు బాగా వచ్చు.

ఇప్పుడు ఆ ఆపాకు ఒక ఫోన్ వస్తుందనుకోండి. రాంగ్ నంబర్. మన జిల్లాల్లో రాంగ్ నంబర్‌తో మొదలైన కథలు ఎన్నో నేను విన్నాను. అవతలి వాడు సారీ చెప్తాడు. మర్నాడు మళ్లీ చేస్తాడు. భోజనం అయిందా అంటాడు. ఆ మాట ఆ ఇంట్లో ఆమెను ఎవరు అడిగారు? అందరికీ వడ్డించేది ఆమె, చివర్న దేగ్చీలో మిగిలింది తినేది ఆమె. "చేతులు నొప్పెట్టడం లేదా" అంటాడు. పదిహేనేళ్లలో ఆ చేతుల గురించి మొదటి సవాల్ అది. 'దహాడ్'లో చంపేవాడి హథియార్ సైనైడ్ అని అందరూ అంటారు. సైనైడ్ చివరి రోజుది. అంతకు ముందు నెలలపాటు వాడు వాడింది ఈ హమ్‌దర్దీ. వాడు ఆ ఆడపిల్లల్ని ఎత్తుకుపోలేదు. వాళ్ల మాట విన్నాడు, అంతే. అది అబద్ధపు వినడమే. నిజంగా వినే మనిషి ఒకరైనా ఇంట్లో ఉంటే ఆ తేడా తెలిసేది.

మన ఇళ్లలో దీనికి జవాబు సిద్ధంగా ఉంటుంది: ఫోన్ లాక్కోండి. నేను దీన్ని ఒప్పుకోను. ఫోన్ లాక్కుంటే తన్హాయి పోదు, ఫోన్ మాత్రమే పోతుంది. మోహన్ కుమార్ మనుషుల్ని బస్టాండుల్లో కలిశాడు. బస్సెక్కకుండా ఆపుతారా? ఆపితే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? ఆ ఆడవాళ్లు పనికి పోయేవాళ్లు.

మన అమ్మీలు, ఖాలాలు చూసే డ్రామాల్లో ఈ ఆడపిల్ల వేరేగా ఉంటుంది. 2014లో జిందగీ చానెల్ మొదలైనప్పుడు మా ఇంట్లో 'జిందగీ గుల్జార్ హై' వేళకు మగ్రిబ్ తర్వాత వంట కూడా ఆగేది. ఉమేరా అహ్మద్ రాసిన పాకిస్తానీ డ్రామా. కశఫ్ అనే గరీబ్ పిల్ల, ముగ్గురూ ఆడపిల్లలే అని తండ్రి వదిలేసిన ఇల్లు, స్కూల్ నడిపి పిల్లల్ని పెంచిన తల్లి. ఎంత బాగా తీశారో! కశఫ్ కోపం నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ ఆమెకు చివరికి దొరికింది ఎవరు? పెద్ద బంగ్లా ఉన్న జారూన్. చదువుకుని, అఫ్సర్ అయి, అప్పుడు. మరి చదువు మధ్యలో ఆగి, అఫ్సర్ కాని కశఫ్‌ల సంగతి? వాళ్ల మీద ఉర్దూలో డ్రామాలు తక్కువ. 1982లో సాగర్ సర్హదీ 'బాజార్' తీశాడు. మన హైదరాబాద్‌లోనే. స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా, ఫారూఖ్ షేక్, సుప్రియా పాఠక్. ప్రేమించిన అబ్బాయి చేతిలో డబ్బు లేదు కనుక ఒక లేత పిల్లను గల్ఫ్ నుంచి వచ్చిన పెద్ద వయసువాడికి ఇచ్చేసే కథ. ఆ సినిమా వచ్చిన తొమ్మిదేళ్లకు, 1991లో, పదేళ్ల పాతబస్తీ పిల్లను అరవై ఏళ్ల షేకు విమానంలో తీసుకుపోతుంటే ఒక ఎయిర్‌హోస్టెస్ ఆ పిల్ల ఏడుపు చూసి పట్టించింది. విమానం నిండా మనుషులుండగా అడిగింది ఆమె ఒక్కతే. ఎందుకేడుస్తున్నావని.

'దహాడ్' మీద నాకు గిలా కూడా ఉంది, అది చెప్పకపోతే నాయిన్సాఫీ. అంతమంది ఆడపిల్లల కథ అని మొదలుపెట్టి, వాళ్లలో చాలామందిని లాష్‌గానో, గోడ మీద అతికించిన ఫొటోగానో చూపించి వదిలేశారు. పోలీసుల ఇళ్ల గొడవలకు ఇచ్చినంత వేళ వాళ్లకివ్వలేదు. ఆ పిల్ల ఏం పని చేసేది, జీతం ఎంత, ఏ పాట ఇష్టం, ఫోన్లో మాట్లాడేటప్పుడు నవ్వేదా, ఇంటి నుంచి బయల్దేరేముందు ఎవరి మొహం చూసింది, ఇదంతా తెలిసుంటే ఆ టాయిలెట్ తలుపు చూడటం ఇంకా కష్టమయ్యేది. ఆ కష్టం చూసేవాళ్లకు పెట్టాల్సింది. ఇంకోటి. ఈ రకం కథలన్నిటిలో ప్రేమ కోరుకున్న గరీబ్ ఆడదానికి చావే. డబ్బున్న ఆడపిల్ల ప్రేమిస్తే లవ్ స్టోరీ, బీడీలు చుట్టే పిల్ల ప్రేమిస్తే క్రైమ్ స్టోరీ. ముప్పై ఐదేళ్లకు తనంతట తాను ఒక మనిషిని చూసుకుని, నికా చేసుకుని, రెండు గదుల కిరాయి ఇంట్లో మామూలుగా బతికే ఆడవాళ్లు నాకు తెలుసు. వాళ్ల మీద సిరీస్ తీస్తే చూడరా? నేనైతే చూస్తాను.

అయితే అంజలి పాత్ర దగ్గర సిరీస్ ఇన్సాఫ్ చేసింది. ఆమె కూడా పెళ్లికాని ఆడపిల్లే. ఆమె నడిచి వెళ్తుంటే తోటి ఉద్యోగి ఒకడు అగర్‌బత్తి వెలిగిస్తాడు, కింది కులందని. ఇంటికి వెళ్తే తల్లి రిష్తాల ఫొటోలు ముందు పెడుతుంది. పగలంతా పెళ్లి పేరుతో చచ్చిపోయిన ఆడపిల్లల్ని వెతికి, రాత్రి అన్నం ముందు కూర్చుంటే, పెళ్లెప్పుడు? ఒకసారి ఆమె ఆ కేసు ఫొటోలే తల్లి ముందు పెడుతుంది. చూడు, వీళ్లందరి ఇళ్లలోనూ ఇదే మాట అన్నారని. ఆ తల్లి మొహం నేను మరచిపోలేను. చెడ్డ తల్లి కాదు. మన తల్లుల్లాంటిదే.

ఇక ఆ వైరల్ ముక్క. అది కూడా ఊరికే కల్పించింది కాదు. మోహన్ కుమార్ కేసు బయటపడిందే అలా. 2009 జూన్‌లో బంట్వాళ్ వైపు ఒక అమ్మాయి కనిపించకుండా పోతే, ముస్లిం ఎవడో తీసుకుపోయాడని ఆమె వైపువాళ్లు ఇల్జామ్ వేశారు. స్టేషన్ తగలబెడతామన్నారు. అప్పుడు పోలీసులు ఆమె ఫోన్ కాల్స్ లాగారు. ఆ నంబర్ ఇంకో మిస్సింగ్ అమ్మాయిది. దాని నుంచి మరొక అమ్మాయిది. అలా గొలుసు పట్టుకుని పోతే మోహన్ కుమార్ దొరికాడు. అదే సంవత్సరం అక్టోబర్‌లో 'లవ్ జిహాద్' అనే మాట కర్ణాటక హైకోర్టు దాకా వెళ్లింది, విచారణ చెయ్యమన్నారు. అంటే ఒకే రాష్ట్రంలో, ఒకే నెలలో, లేని ముస్లిం కుట్ర కోసం వెతుకులాట మొదలైంది, ఉన్న హంతకుడు అరెస్టయ్యాడు. ఇది మనం చెప్పుకోవాల్సిందే, గట్టిగా చెప్పుకోవాల్సిందే.

కానీ ఇందులో మనం దాటేస్తున్న సంగతి ఒకటుంది. ముస్లిం పేరు రాకముందు మిగతా పందొమ్మిది మంది కోసం ఎవరూ స్టేషన్ ముందు కూర్చోలేదు. ఆ సమాజానికి తన ఆడపిల్ల ఫికర్ ఎప్పుడొచ్చింది? ఎదుటివాడి మీద వేలు చూపించే అవకాశం వచ్చినప్పుడు. ఇప్పుడు మన పిల్ల ఎవరైనా వేరే మజ్‌హబ్ అబ్బాయితో వెళ్తే మన మొహల్లాలో ఏం జరుగుతుందో చూడండి. రెండేళ్లుగా ఆమెకు రిష్తా వెతకని పెద్దమనుషులందరూ ఆ సాయంత్రం జమా అవుతారు. ఆమె ఫొటో గ్రూపుల్లో తిప్పుతారు. ఇర్తిదాద్ అంటారు, సాజిష్ అంటారు. కుర్తా కుట్టి రోజుకు రెండొందలు తెచ్చేటప్పుడు ఆమె ఎవరికీ కనిపించలేదు. వాళ్లు మనల్ని ఏ కళ్లతో చూస్తున్నారని గిలా చేస్తున్నామో, ఆ కళ్లతోనే మన పిల్లల్ని మనం చూస్తే, ఆ వీడియో ముక్క పంచుకోవడానికి మన దగ్గర ఏ హఖ్ ఉంది?

ఆడది తనంతట తాను పయాం పంపడం బేహయాయి అనే పెద్దలకు ఒక్క సవాల్. హజ్రత్ ఖదీజా రజి అల్లాహు అన్హా వ్యాపారం చేసే బేవా. మనిషిని చూశారు, పనిలో పెట్టి అఖ్లాక్ పరీక్షించారు, నచ్చారు, నఫీసా అనే సహేలీ ద్వారా తానే పయాం పంపారు. ఆమెకు 40, హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్‌కు 25 అని సీరత్ కితాబుల్లో సాధారణంగా రాస్తారు. మన నికా కథలన్నిటికీ మొదటి కథ అది. మిలాద్ జల్సాల్లో ఆ వాకియా చెప్పి కళ్లు తుడుచుకునే చాచాల ఇళ్లలోనే ముప్పై నాలుగేళ్ల పిల్ల నోరు తెరిచి "ఫలానా మనిషి మంచివాడిలా ఉన్నాడు, అడగండి" అంటే ఏమవుతుంది? ఆ మాట ఇంట్లో అనగలిగితే ఆమె బస్టాండులో ఎవడికో అనదు. మనిషి సంగతి ఆరా తీయడానికి ఒక తండ్రి, ఒక భాయ్ పక్కనుంటారు. దొంగ పేరు, దొంగ కులం, దొంగ ఉద్యోగం రెండు రోజుల్లో బయటపడతాయి. మోహన్ కుమార్ ఒక్కసారైనా ఏ పిల్ల ఇంటికైనా వచ్చి కూర్చోవాల్సి వచ్చి ఉంటే?

చదివేవాళ్లలో మగపిల్లల తల్లులు ఉన్నారని తెలుసు. మీ అబ్బాయికి రిష్తా చూస్తున్నారు కదా. ఈ రంజాన్ అయ్యాక తారీఖు పెట్టుకుంటారు కదా. జోడే కీ రకమ్ అడగలేదని చెప్పుకోవడం కాదు, ఇస్తే వెనక్కి ఇచ్చేయండి. పలంగ్, అల్మారీ లారీలో వస్తే దించుకోకండి. మీరు దించుకున్న ప్రతి అల్మారీ వెనక ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల ఒక సంవత్సరం ఎక్కువ కూర్చుంటుంది. ఆ రేటు మీరే పెడుతున్నారు.

సిరీస్ చూడాలనుకునేవాళ్లకు: హిందీలో ఉంది, మాట్లాడేది రాజస్థానీ యాస, రెండో ఎపిసోడ్‌కు చెవికి అలవాటవుతుంది. గాలీలు ఉన్నాయి, కొన్ని సీన్లు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవి కావు, చిన్నపిల్లలు పడుకున్నాక పెట్టుకోండి. డిగ్రీ చదివే కూతుళ్లతో, ఇంట్లో ఉండిపోయిన ఆపాలతో కలిసి చూడండి. చూశాక తఖ్రీర్ మొదలుపెట్టకండి, "అందుకే చెప్తాం ఫోన్ వద్దని" అని అసలే అనకండి. చాయ్ పెట్టి, ఊరికే కూర్చోండి. ఆమె ఏదైనా చెప్తే వినండి. ఆ రోజు చెప్పకపోతే ఇంకో రోజు చెప్తుంది.